ఐటీ కారిడార్ అంచున గోల్కొండ: ఇస్లామీయ చారిత్రక స్థలాల సందర్శన నిర్వహణ, మతసామరస్యం

హైటెక్ సిటీకి కొద్ది దూరంలోనే స్వభావరీత్యా భిన్నమైన రెండు ఇస్లామీయ చారిత్రక స్థలాలున్నాయి. ఒకటి గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం. రెండవది మణికొండ ప్రాంతంలోని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా. మొదటిదానికి టిక్కెట్టు కొని వచ్చేవారు సందర్శకులు. రెండవదానికి మొక్కులతో వచ్చేవారు భక్తులు. ఈ భేదాన్ని గుర్తించని నిర్వహణ రెండు చోట్లా విఫలమవుతుంది.

సమాధుల ప్రాంగణం సుమారు 106 ఎకరాలు. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని చేపట్టిన పునరుద్ధరణ 2024లో ముగిసింది. పాత మరమ్మతుల సిమెంటును తొలగించి డంగుసున్నం వాడారు. వర్షాలకు కూలిన బడీ బావోలిని తిరిగి నిలబెట్టారు. ఇక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది.

రాయి బాగుపడింది సరే. ఆ రాయి చెప్పే కథ మాటేమిటి? గుమ్మటం ఎత్తు, నిర్మాణ సంవత్సరం మాత్రమే చెప్పే ఫలకం వల్ల తెలుగు విద్యార్థికి కలిగే ఆత్మీయత స్వల్పం. ఇక్కడ నిద్రిస్తున్న ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550-1580) తెలుగు కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీసంవరణోపాఖ్యానా’న్ని అతనికే అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరొందిన పొన్నగంటి తెలగన ‘యయాతి చరిత్ర’కు కృతిభర్త అమీన్‌ఖాన్. ఈ విషయాలు తెలుగు సాహిత్య చరిత్ర పాఠ్యంలో ఉన్నాయి. సమాధి ముంగిట కూడా ఉండాలి.

సామరస్యాన్ని బోధించడమంటే ఘర్షణను దాచడం కాదు. గోల్కొండ కోటలో ఇబ్రహీం మసీదు, జగదాంబిక ఆలయం, రామదాసు బందీఖానా మూడూ ఉన్నాయి. బందీఖానాను వదిలేసి మిగిలిన రెండింటినే చూపే మార్గదర్శకుణ్ణి సందర్శకుడు నమ్మడు. (రామదాసు కథలోని తానీషా సమాధి ఈ ప్రాంగణంలో లేదు; మొగలుల బందీగా మరణించిన అతనిది ఖుల్దాబాద్‌లో ఉంది.) దర్గా విషయంలోనూ అంతే. మణికొండ జాగీరు భూములు వక్ఫువి కావని, రాష్ట్ర ప్రభుత్వానివేనని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. న్యాయపరంగా వివాదం ముగిసినా, చుట్టూ లేచిన భవనాల మధ్య దర్గాకు వెళ్ళే భక్తుని దారి, ఉరుసు నాటి జనసమ్మర్దం పరిపాలనా ప్రశ్నలుగానే మిగులుతాయి.

ఆషాఢంలో బోనాలతో కోట ఎక్కే జనప్రవాహాన్ని నియంత్రించిన అనుభవం స్థానిక యంత్రాంగానికి ఉన్నదే. ఉరుసుకూ అదే శ్రద్ధ చూపడం, ప్రార్థనావేళల్లో ఛాయాచిత్రాలను నియంత్రించడం, మార్గదర్శకులకు తెలుగు, ఉర్దూ రెండు సంప్రదాయాల్లోనూ శిక్షణ ఇవ్వడం పెద్ద వ్యయం లేకుండానే మొదలుపెట్టదగిన పనులు.