ఊరి పేరే తల్లివేరు

బోటనీ చదివే వాళ్లందరికీ ఫైటోఫ్తోరా ఇన్ఫెస్టాన్స్ తెలుసు. బంగాళాదుంపకు లేట్ బ్లైట్ తెగులు తెచ్చే జీవి. పరీక్షకు ముందు రాత్రి దాని బొమ్మ నాలుగుసార్లు గీసుకుని, పరీక్ష కాగానే మరచిపోతాం. 1845లో ఈ జీవే ఐర్లండు పొలాల మీద పడింది. 1852 దాకా సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకు మించినవాళ్లు ఓడలెక్కి దేశం విడిచిపోయారు. 1841లో 81 లక్షల పైచిలుకు ఉన్న జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది.

అలా వెళ్లిపోయినవాళ్ల మునిమనుమలు ఇవాళ అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ కూర్చుని "మాది ఐర్లండులో ఏ ఊరు?" అని వెతుక్కుంటున్నారు. ఆ వెతుకులాట ఎలా సాగుతుందో చదివినకొద్దీ, దీన్ని చరిత్ర విద్యార్థులకే వదిలేయడం అన్యాయమనిపించింది. పైగా పొలం కాగితాలతో పరిచయమున్న ఇంట్లో పుట్టినవాడికి ఇందులో సగం ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమవుతుంది.

ముందు చిరునామా సంగతి. అమెరికా కాగితాల్లో చాలాచోట్ల పుట్టిన స్థలం ఎదురుగా "ఐర్లండు" అని ఒక్క ముక్కే ఉంటుంది. అది చిరునామా కిందికి రాదు. జిల్లాలాంటి కౌంటీ పేరు తెలిసినా పెద్దగా ముందుకు పోలేం. కావలసింది టౌన్‌లాండ్ పేరు. పేరులో టౌన్ ఉంది కదా అని పట్టణం అనుకునేరు! కొన్ని పొలాలు, నాలుగైదు ఇళ్లు, వాటి చుట్టూ ఒక హద్దు, అంతే. ఎకరం ఉన్నవీ ఉన్నాయి, ఏడు వేల ఎకరాలు దాటినవీ ఉన్నాయి. దేశం మొత్తం మీద ఇలాంటివి అరవై వేల పైనే. వాటి పైన సివిల్ పారిష్, దాని పైన బారొనీ, ఆ పైన కౌంటీ.

1824లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వేవారు దేశమంతటికీ మైలుకు ఆరంగుళాల లెక్కన పటాలు గీస్తూ, గేలిక్ భాషలోని ఊళ్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి దించారు. జాన్ ఓడొనొవన్ అనే పండితుడు ఊరూరా తిరిగి ఆ పేర్ల మూలాలు సేకరించాడు. బాలీ అంటే నివాసం, నాక్ అంటే గుట్ట, కిల్ అంటే చర్చి, కొన్నిచోట్ల అడవి. అయితే ఓడ దిగిన మనిషికి ఈ స్పెల్లింగులతో ఏం పని? అతను నోటితో చెప్పాడు, అవతలి గుమాస్తా తనకు వినబడినట్టు రాసుకున్నాడు. కాబట్టి ఆ కాగితాన్ని పైకి చదివి, చెవితో పోల్చుకోవాలి. అప్పటికీ చిక్కు తీరదు. కిల్‌మోర్ లాంటి పేరు ఐర్లండులో పదుల చోట్ల ఉంది.

సరైన చిరునామా దొరికే చోటు ఒకటి నాకు బాగా నచ్చింది. బోస్టన్ నగరంలో వెలువడిన 'పైలట్' అనే పత్రిక 1831 నుంచి 1921 వరకు తప్పిపోయిన బంధువుల కోసం ప్రకటనలు వేసింది. అన్న కోసం చెల్లెలు, మొగుడి కోసం పెళ్లాం వేయించిన ప్రకటనలవి. ఫలానా కౌంటీ, ఫలానా పారిష్, ఫలానా టౌన్‌లాండ్ మనిషి అని పూర్తిగా రాసేవారు. చదివేది సాటి ఊరివాళ్లే కనుక ఊరి పేరు తప్పు పడే ప్రసక్తి తక్కువ.

ఊరు తేలాక పారిష్ రిజిస్టరు. ఇక్కడొక మెలిక ఉంది. క్యాథలిక్ పారిష్ హద్దులు, ప్రభుత్వపు సివిల్ పారిష్ హద్దులు ఒకటి కావు. ఏ టౌన్‌లాండ్ ఏ ఫాదరీ కింద ఉండేదో ముందు తేల్చుకోవాలి. బాప్తిస్మం పద్దులో తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, సాక్షులుగా నిలబడిన ఇద్దరి పేర్లు ఉంటాయి. అదృష్టముంటే ఊరి పేరు కూడా. చాలా పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి. ఇంట్లో జేమ్స్ అని పిలిచే పిల్లవాడు పుస్తకంలో యాకోబుస్ అవుతాడు, విలియం గులియెల్ముస్ అవుతాడు. తల్లి పుట్టింటి పేరు రాయడం ఎంత మేలో చెప్పలేను. ఒకే పారిష్‌లో పదిమంది జాన్ సలివన్‌లుంటే, ఎవరు ఎవరో విడదీసేది భార్య ఇంటిపేరే. సాక్షులు తరచు మేనమామలో, పిన్నులో అయి ఉంటారు కాబట్టి వాళ్లనూ వదలకూడదు.

ఇంత కష్టం ఎందుకు, జనాభా లెక్కలు చూస్తే పోలేదా అనవచ్చు. అవి ఉంటే కదా! 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ పేలుడులో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 వరకు తీసిన నాలుగు లెక్కలూ చాలావరకు బూడిదయ్యాయి. 1861 నుంచి 1891 దాకా తీసినవాటిని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. సంపూర్ణంగా మిగిలిన వాటిలో పాతవి 1901, 1911 లెక్కలే. వింతేమిటంటే, ప్రభుత్వ గుర్తింపు పొందిన చర్చ్ ఆఫ్ ఐర్లండువారి రిజిస్టర్లు భద్రత కోసమని ఆ ఆఫీసుకు చేరి వందల సంఖ్యలో కాలిపోయాయి. ఎవరూ అడగని క్యాథలిక్ పుస్తకాలు ఫాదరీల బీరువాల్లో ఉండి బతికిపోయాయి. జాతీయ గ్రంథాలయం వాటిని మైక్రోఫిల్ము తీయించి, 2015లో అందరూ ఉచితంగా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. 1880 ప్రాంతం వరకు ఉన్నవి అందులో చూడవచ్చు.

ఇక పొలం లెక్కలు. పన్ను వేయడానికి రిచర్డ్ గ్రిఫిత్ పర్యవేక్షణలో 1847 నుంచి 1864 వరకు దేశమంతా మదింపు చేశారు. ప్రతి టౌన్‌లాండ్‌లో సాగుదారు ఎవరు, ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నాడు, విస్తీర్ణమెంత, విలువెంత, పటంలో ఏ నంబరు అన్నీ ఉంటాయి. మన అడంగల్ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. తరువాతి సవరణ పుస్తకాల్లో పాత పేరు కొట్టివేసి, రంగు సిరాలతో కొత్త పేరు రాస్తూ పోయారు. తండ్రి పేరు పోయి కొడుకు పేరు వచ్చిన సంవత్సరం చూస్తే మరణం ఇంచుమించు ఎప్పుడో ఊహించవచ్చు. ఊహే సుమా! చనిపోయిన తాత పేరు మీదే పట్టా ఏళ్ల తరబడి నడవడం మనకు మాత్రం తెలియదా?

అయితే ఈ పుస్తకంలో లేనివాళ్ల మాట ఏమిటి? 1847లో ఒక నిబంధన పెట్టారు. పావెకరానికి మించి భూమి ఉన్నవాడికి కరువు సాయం ఇవ్వరు. అంటే పాతిక సెంట్ల పైన ఉన్నదంతా వదులుకుంటేనే గంజి. పిల్లల కోసం పొలం వదిలినవాళ్లు, గ్రిఫిత్ మనుషులు వచ్చేసరికి ఆ ఊళ్లోనే లేరు. ఇతరుల భూమిలో గుడిసె వేసుకున్న కూలివాళ్ల పేర్లూ చాలాచోట్ల ఎక్కలేదు. భూమి లేనివాడి పేరు భూమి పుస్తకంలో ఎందుకుంటుంది? అటువంటివాళ్లకు మిగిలిన ఆధారం బాప్తిస్మం పుస్తకంలోని ఒక్క వరుస.

పేరున్నవాళ్లదీ ఇదే దారి. 1850లో మనీగాల్ గ్రామం నుంచి అమెరికా వెళ్లిన ఫాల్మత్ కియర్నీ చెప్పులు కుట్టేవాడి కొడుకు. 2007లో అక్కడి చర్చ్ ఆఫ్ ఐర్లండు పారిష్ రికార్డుల్లో ఆ కుటుంబం పేర్లు దొరికాయి. అతని వంశంవాడైన బరాక్ ఒబామా అధ్యక్షుడి హోదాలో 2011 మే నెలలో ఆ ఊరు చూసి వెళ్లాడు.

చివరిగా పింఛను చీటీల సంగతి. 1908 చట్టం ప్రకారం 1909 జనవరి నుంచి డెబ్బై ఏళ్లు నిండిన పేదలకు వారానికి అయిదు షిల్లింగుల దాకా పింఛను ఇచ్చారు. జననాలన్నీ నమోదు చేయడం మొదలైంది 1864లో. మరి ముసలివాళ్లకు వయసు రుజువేదీ? 1901కీ 1911కీ మధ్య పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగిన తాతలు లెక్కల్లో కనిపించేది అందుకే. అర్జీ పెట్టుకున్నవాళ్లు తల్లిదండ్రుల పేర్లు, చిన్ననాటి టౌన్‌లాండ్ రాసిస్తే, గుమాస్తాలు 1841, 1851 లెక్కలు తిరగేసి ఫలితం చీటీ మీద రాసేవారు. పుస్తకాలు కాలిపోయినా ఆ చీటీలు వేల సంఖ్యలో మిగిలాయి. "దొరకలేదు" అని రాసినది కూడా పారేసేది కాదు. పింఛను వచ్చిందో లేదో గాని, ఆ ముసలమ్మ చెప్పిన అమ్మానాన్నల పేర్లు, ఊరి పేరు దాని మీద అలాగే ఉన్నాయి.