మీకు తెలుసా? పేస్‌మేకర్ దగ్గర చీము పడితే...
మాడుగులలో ఏ తాతగారికైనా ఛాతీ పైభాగాన, అగ్గిపెట్టెంత పేస్‌మేకర్ ఉన్నచోట చర్మం ఎర్రబడి రసి కారుతుంటే సెగ్గడ్డని సరిపెట్టుకోకండి. పసుపు పట్టు వద్దు, సూది గుచ్చి చీము తీయించొద్దు. నేరుగా విశాఖలో గుండె డాక్టరు దగ్గరికే. పరికరానికి పట్టిన బాక్టీరియా జిగురుపొర కప్పుకుంటుంది. ఒక్క యాంటీబయాటిక్స్‌తోనే దాన్ని వదిలించలేం. పరికరాన్నీ తీగలనూ పూర్తిగా తీసేయడమే అసలు వైద్యం. చిక్కల్లా, ఏళ్లు గడిచిన తీగలు సిరకూ గుండెకూ అతుక్కుపోతాయి. లాగితే సిర గానీ గుండె గానీ చిరగొచ్చు. బాగా నీరసించి, ఆపరేషన్‌ను తట్టుకోలేని పెద్దలకు దీర్ఘకాలం మాత్రలతో ఇన్ఫెక్షన్‌ను అణచి ఉంచుతారు. అది అదుపే, నయం కాదు. అలాగని వయసొక్కటే చూసి 'తీయొద్దు' అనడమూ తప్పే. పరికరాలు మార్చుకుంటూ ఏళ్ల తరబడి బతికినవారున్నారు: 1958లో స్వీడన్‌లో శరీరం లోపల మొదటి పేస్‌మేకర్ అమర్చుకున్న ఆర్నె లార్సన్ ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ 2001 దాకా బతికారు, 86 ఏళ్లు!