ఒకే పెట్టెలో పలు స్విచ్‌లు: స్టోరేజ్ నెట్‌వర్క్‌లో ఈ విభజన ఎంతవరకు రక్షణ?

బిలాస్‌పూర్: ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల నిమిత్తం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. నగరంలోని రాజ్‌కిశోర్ నగర్ నుంచి సంక్రాంతికి సొంతూరు వెళ్లాలనుకునే వారు ముందుగా చూసేది కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ఉందా లేదా అన్నదే. ఆ సమాధానం క్షణాల్లో తెరపైకి రావాలి. అయితే అది తెరలో పుట్టదు. ఎక్కడో దూరాన ఉన్న డేటా కేంద్రంలో, సర్వర్‌కు వెలుపల ఉన్న డిస్కులపై నమోదై ఉంటుంది. సర్వర్ పనిచేస్తున్నా, డిస్కులు చెక్కుచెదరకున్నా, వాటి మధ్య దారి మూసుకుపోతే సేవ ఆగిపోతుంది.

రైల్వే రిజర్వేషన్లకు ఈ అనుభవం కొత్త కాదు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు తొలుత ఎవరి రైళ్ల లెక్క వారే చూసుకునేవి. 1994లో ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్‌ను మొదట సికింద్రాబాద్‌లో అమలు చేశారు. 1999 నాటికి ఐదు కేంద్రాలూ అనుసంధానమయ్యాయి. వేటికవిగా ఉంచాలా, కలిపి నడపాలా అన్న ప్రశ్న అక్కడ నగరాల స్థాయిలో ఎదురైంది. ఇదే ప్రశ్న ఒక డేటా కేంద్రం నాలుగు గోడల మధ్య మరో రూపంలో ఎదురవుతుంది. దానికి వెతుక్కున్న సమాధానమే వర్చువల్ స్విచ్.

సర్వర్లను, డిస్కుల సముదాయాలను కలిపే ప్రత్యేక మార్గ వ్యవస్థను స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్ అంటారు. పెద్ద సంస్థల్లో ఇది ఎక్కువగా ఫైబర్ ఛానల్ పద్ధతిపై నడుస్తుంది. సాధారణ కార్యాలయ నెట్‌వర్క్‌లో రద్దీ పెరిగి ఒక సమాచార పొట్లం జారిపోతే దాన్ని మళ్లీ పంపుతారు. ఫైబర్ ఛానల్‌లో అలా జారవిడవడానికి వీల్లేదు. అవతలి వైపు స్థలం ఉందని తెలిసిన తరువాతే ఇవతలి పోర్టు పొట్లాన్ని వదులుతుంది. ముందు సెక్షన్ ఖాళీ అయితేనే రైలుకు సిగ్నల్ ఇచ్చే పద్ధతికి ఇది చాలా దగ్గర.

ఈ మార్గాల కూడలిలో ఉండేదే స్విచ్. పరస్పరం అనుసంధానమైన స్విచ్‌లన్నీ కలిసి ఒక ఫ్యాబ్రిక్ అవుతాయి. ఒకప్పుడు టిక్కెట్ల విభాగానికి, జీతభత్యాల విభాగానికి, బ్యాకప్‌కు వేర్వేరు స్విచ్‌లు కొనేవారు. ఒకచోట పోర్టులు ఖాళీగా పడి ఉంటే, మరోచోట చాలక కొత్త పెట్టె కొనవలసి వచ్చేది. సిస్కో సంస్థ 2002లో తన ఎండీఎస్ శ్రేణి స్విచ్‌లతో పాటు ‘వీశాన్’ అనే విభజన పద్ధతిని తెచ్చింది. బ్రోకేడ్ స్విచ్‌లలో ఇదే పని లాజికల్ స్విచ్‌ల ద్వారా జరుగుతుంది. (వీఎంవేర్ సంస్థకు దాదాపు ఇదే పేరుతో నిల్వ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది వేరు, ఇది వేరు. కొనుగోలు పత్రాల్లో ఈ రెండూ కలగాపులగం కావడం సులభం.)

విభజన తరువాత ఒకే పెట్టెలోని ప్రతి భాగం స్వతంత్ర స్విచ్‌గా ప్రవర్తిస్తుంది. దాని చిరునామాలు, దాని పేర్ల పట్టిక, దాని అనుమతుల జాబితా దానివే. ఒక భాగంలో మార్పు జరిగినప్పుడు వెళ్లే హెచ్చరిక సందేశాలు రెండో భాగంలోని సర్వర్లకు చేరవు. బ్యాకప్ విభాగంలో కొత్త పరికరం పెట్టినందుకు టిక్కెట్ల సర్వర్ ఉలిక్కిపడే అవసరం ఉండదు. ఈ పద్ధతి ఇచ్చే అసలైన మేలు ఇదే.

పేరు, సంఖ్య, పోర్టు

నిర్వహణలో మొదట తేల్చుకోవలసింది సంఖ్యల వ్యవహారం. సిస్కో పరికరాల్లో పోర్టులన్నీ మొదట ఒకటో నంబరు వీశాన్‌లో ఉంటాయి. బ్రోకేడ్‌లో ప్రతి లాజికల్ స్విచ్‌కు 1 నుంచి 128 వరకు ఒక ఫ్యాబ్రిక్ ఐడీ ఉంటుంది. 128 అనేది ముందుగానే ఉండే స్విచ్‌ది. ముఖ్యమైన సేవలను ఈ తొలి భాగంలోనే వదిలేయడం మంచి అలవాటు కాదు. కొత్తగా కేబుల్ తగిలించిన ప్రతి పరికరమూ మొదట చేరేది అక్కడికే.

దీనికి తోడు డొమైన్ ఐడీ ఉంది. ఫైబర్ ఛానల్ చిరునామా పొడవు 24 బిట్లు. అందులో మొదటి 8 బిట్లు స్విచ్‌ను సూచిస్తాయి. ఒక ఫ్యాబ్రిక్‌లో గరిష్ఠంగా 239 డొమైన్ సంఖ్యలే వాడుకోవచ్చు. వేర్వేరు వీశాన్లలో ఒకే సంఖ్య ఉన్నా ఇబ్బంది లేదు. ఒకే వీశాన్‌లోని రెండు స్విచ్‌లకు ఒకే స్థిర సంఖ్య ఇచ్చి వాటిని కలిపితే మాత్రం ఆ లింకు కలవదు, విడిపోయే ఉంటుంది. కేబుల్ సరిగానే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, దారి మాత్రం తెరుచుకోదు. అందుకే అనుభవజ్ఞులు సంఖ్యలను స్విచ్ ఇష్టానికి వదలకుండా తామే నిర్ణయించి, కాగితంపై రాసి ఉంచుకుంటారు.

పోర్టును ఒక భాగం నుంచి మరో భాగానికి మార్చడం చిన్న పనిగా కనిపిస్తుంది. ఆ క్షణంలో ఆ పోర్టుపై ఉన్న సర్వర్‌కు దారి తెగుతుంది. కొత్త భాగంలో అది మళ్లీ నమోదై, కొత్త చిరునామా పొంది, కొత్త అనుమతుల జాబితాలో తన పేరు వెతుక్కోవాలి. అక్కడ పేరు లేకపోతే డిస్కు కనిపించదు. సిస్కో స్విచ్‌లో వీశాన్‌ను పొరపాటున తొలగిస్తే దానిలోని పోర్టులు ఎక్కడికీ దారిలేని 4094వ వీశాన్‌లోకి వెళ్లిపోతాయి. యార్డులో బండిని డెడ్ ఎండ్ లైనులోకి మళ్లించడం లాంటిదే ఇది. బండికి ఏమీ కాదు, అక్కడి నుంచి ఎటూ కదల్లేదు.

ఏ సర్వర్ ఏ డిస్కును చూడవచ్చో చెప్పే జాబితాను జోనింగ్ అంటారు. ప్రతి పరికరానికీ 64 బిట్ల శాశ్వత గుర్తింపు సంఖ్య ఉంటుంది. రాతలో అది 16 అక్షరాలు. జోన్ సమూహాన్ని అమలు చేసినప్పుడు, అప్పటివరకు నడుస్తున్న సమూహం స్థానంలో కొత్తది వస్తుంది, పాతదానికి జత కాదు. అసంపూర్ణమైన సమూహాన్ని, లేదా వేరే భాగానికి ఉద్దేశించినదాన్ని అమలు చేస్తే, అందులో లేని సర్వర్లన్నీ ఒక్కసారిగా డిస్కులను కోల్పోతాయి. విభజన వల్ల ఈ నష్టం ఆ ఒక్క భాగానికే పరిమితమవుతుంది. ఆదేశం ఇచ్చే ముందు తాను ఏ భాగంలో ఉన్నదీ తెరపై చూసుకోవడం నిర్వాహకుడి బాధ్యత. భాగాలకు సంఖ్యలే తప్ప పేర్లు పెట్టని చోట ఈ పొరపాటుకు ఆస్కారం మరీ ఎక్కువ.

గీత ఆగే చోటు

అసలు ప్రమాదం మరోచోట ఉంది. యార్డులో బొగ్గు రేకులకు ఒక లైను, ప్రయాణికుల రైళ్లకు మరో లైను ఉండవచ్చు. రెండింటి పాయింట్లనూ ఒకే క్యాబిన్ నడుపుతుంటే, క్యాబిన్‌లో విద్యుత్ పోయినప్పుడు రెండూ నిలిచిపోతాయి. వర్చువల్ స్విచ్‌ల పరిస్థితీ అంతే. భాగాలు ఎన్ని ఉన్నా లోపల ఉన్నది ఒకే పరికరం, ఒకే సాఫ్ట్‌వేర్. ఆ పెట్టె మొత్తంగా ఆగిపోతే భాగాలన్నీ ఆగిపోతాయి. బ్రోకేడ్ పరికరాల్లో వర్చువల్ ఫ్యాబ్రిక్ సదుపాయాన్ని ప్రారంభించడానికే స్విచ్‌ను పునఃప్రారంభించాలి. నడుస్తున్న వ్యవస్థపై మధ్యాహ్నం పూట చేయదగిన పని కాదది.

స్టోరేజ్ రంగంలో ప్రతి సర్వర్‌కు రెండు దారులు ఉండాలన్నది పాత నియమం. ‘ఏ’ ఫ్యాబ్రిక్ ఒకటి, ‘బీ’ ఫ్యాబ్రిక్ మరొకటి. ఒకటి ఆగినా రెండోదానిపై పని సాగుతుంది. నిధులు తక్కువగా ఉన్న కేంద్రానికి ఇక్కడే ప్రలోభం ఎదురవుతుంది. ఒకే పెద్ద స్విచ్ కొని, దాన్ని రెండు వీశాన్లుగా చీల్చి, ఒకదానికి ‘ఏ’ అని, రెండోదానికి ‘బీ’ అని పేరు పెడితే సరిపోదా? పటంలో రెండు దారులూ చక్కగా కనిపిస్తాయి. తనిఖీ పత్రంలో రెండు గడులూ నిండుతాయి. పెట్టె ఆగిన రోజున మాత్రం రెండు దారులూ ఒకేసారి పోతాయి. లైనక్స్ సర్వర్లలో డిస్కు ఆదేశానికి ఉండే సాధారణ గడువు 30 సెకన్లు. అది దాటాక లోపాలు బయటపడటం మొదలవుతుంది. మళ్లింపు సాఫ్ట్‌వేర్ రెండో దారి కోసం వెతుకుతుంది, ఆ దారి కూడా అప్పటికే ఉండదు.

ఒక సేవను మరో సేవ నుంచి వేరు చేయడానికి వర్చువల్ స్విచ్ సరైన సాధనం. ఒకే సేవకు ఉన్న రెండు దారులను వేరు చేయడానికి అది పనికిరాదు. దానికి రెండు వేర్వేరు పెట్టెలు కావలసిందే. ఒక్కొక్కటీ చిన్నదైనా ఫరవాలేదు.

పంచుకున్న లింకుల విషయంలోనూ గీత పలచనిదే. రెండు స్విచ్‌ల మధ్య ఒకే ట్రంక్‌పై పలు వీశాన్ల రాకపోకలు సాగుతాయి. ప్రతి పొట్లంపైనా అది ఏ వీశాన్‌దో తెలిపే ముద్ర ఉంటుంది. అయితే ఒక వీశాన్‌లోని సర్వర్ పొట్లాలను నెమ్మదిగా స్వీకరిస్తుంటే, దాని కోసం వచ్చినవి ట్రంక్‌పైనే వేచి ఉంటాయి. వాటి వెనుక ఇతర వీశాన్ల పొట్లాలూ నిలిచిపోవచ్చు. సింగిల్ లైను సెక్షన్‌లో ఒక గూడ్సు ఆగితే వెనుక ఎక్స్‌ప్రెస్ కూడా ఆగినట్టు. అత్యవసర సేవలకు, బ్యాకప్‌కు వేర్వేరు ట్రంక్‌లు కేటాయించే చోట ఈ ఇబ్బంది తగ్గుతుంది.

మార్పు చేసే రోజున ఎంచుకునే క్రమం కూడా దీనికి తగినట్టే ఉండాలి. పని మొదలుపెట్టక ముందు ఆకృతీకరణ నకలు తీసి స్విచ్‌కు బయట భద్రపరచాలి. ఆ భాగంలో ఎన్ని పరికరాలు నమోదై ఉన్నాయో లెక్క రాసుకోవాలి. ‘ఏ’ వైపు మార్పు పూర్తయ్యాక ఆ లెక్క మళ్లీ సరిపోయిందో లేదో చూడాలి. ప్రతి సర్వర్‌లోనూ రెండు దారులూ తిరిగి లేచాయని నిర్ధారించుకోవాలి. అంతవరకు ‘బీ’ వైపు చేయి పెట్టకూడదు. చాలా చోట్ల ఈ రెండు పనుల మధ్య ఒక రోజు విరామం ఇస్తారు. ‘బీ’ స్విచ్‌ను వేరే ర్యాక్‌లో పెట్టి, వేరే విద్యుత్ లైనుకు కలిపి ఉంచుతారు.