విశ్వవిద్యాలయములలో వేధింపుల నివారణ శిక్షణ: ఇంటివారు ఎరుగవలసినది

వేసవి ముగిసి కళాశాలలు తెరచు దినములలో ఇంటింట ఒకే హడావిడి. ట్రంకుపెట్టె పోయి చక్రముల సంచి వచ్చినది గాని, ఊరగాయ సీసా, దుప్పటి, సర్టిఫికెట్ల నకళ్లు నేటికిని మారలేదు. బిడ్డను హాస్టలులో దింపవచ్చిన తల్లిదండ్రులు వార్డెను పేరు, మెస్సు బిల్లు, బస్సుల వేళలు అడిగి వ్రాసికొందురు. అడుగని ప్రశ్న ఒకటి మిగిలిపోవును. ఇచట ఎవరైనను మా బిడ్డను వేధించినచో, కులము పేరెత్తి కించపరచినచో, ఏ తలుపు తట్టవలెను? ఈ ప్రశ్నకు సమాధానముగా విశ్వవిద్యాలయములు విద్యార్థులకును, అధ్యాపకులకును, సిబ్బందికిని శిక్షణ నిచ్చుచున్నవి. అందు చెప్పునదేమో ఇంటివారికి తెలియకున్నచో ఆ శిక్షణ సగమే ఫలించునని మా అభిప్రాయము.

ఈ యేర్పాటు వెనుక ఒక గ్రామీణ స్త్రీ పడిన బాధ ఉన్నది. రాజస్థాన్‌లో బాల్యవివాహములను మాన్పింప యత్నించిన ఒక గ్రామ కార్యకర్త, 1992లో తనపై సామూహిక అత్యాచారము జరిగినదని ఫిర్యాదు చేసినది. పని చేయుచోట స్త్రీకి రక్షణ యేదని మహిళా సంఘములు సుప్రీంకోర్టు నాశ్రయించినవి. 1997 ఆగస్టు 13న వెలువడిన ఆ తీర్పునే విశాఖ తీర్పందురు. పేరు విని మన విశాఖపట్టణమును తలచుకొనువారు కలరు; అది వ్యాజ్యము వేసిన రాజస్థాన్ సంఘము పేరు. తీర్పులోని సూత్రములు 2013లో చట్టమైనవి. విద్యాసంస్థలకు ప్రత్యేకముగా యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ చేసిన 2015 నిబంధనలు 2016 మే నెలలో ప్రకటితమైనవి. శిక్షణ జరుపుట, ఫిర్యాదుల సంఘము నేర్పరచుట, సభ్యుల వివరములు అందరికి కనబడునట్లు ప్రకటించుట సంస్థ విధులని అవి చెప్పుచున్నవి.

వేధింపు అనగానేమి? నిబంధనలలో దానికి రెండు ముఖ్య రూపములు కనబడును. మొదటిది బేరము. మార్కులో, పరిశోధన గ్రంథముపై సంతకమో ఆశ చూపి గాని, అది ఆపుదునని బెదరించి గాని కోరరానిది కోరుట. దీనిని తప్పు కాదనువారు లేరు. రెండవది వాతావరణము. ఎవరును ఏమియు అడుగరు. కాని ప్రయోగశాలలో నిత్యము వినవచ్చు ద్వంద్వార్థపు మాటలు, సెల్‌ఫోనులోనికి వచ్చిపడు బొమ్మలు, దారి కాచి నిలుచుట, వీనివలన ఆ చోట కూర్చుండి చదువుకొనుటయే కష్టమగును. దీనికి మనవారు 'కుర్రచేష్టలు' అని ముద్దుపేరు పెట్టి వదలివేయుదురు. శిక్షకులు ఎక్కువసేపు నిలువవలసినది ఇచ్చటనే. ఎదుటివారికది ఇష్టమా, కాదా అన్నది ఇందు ముఖ్యము. మౌనము అర్ధాంగీకారమను నానుడి పెండ్లిచూపులలో చెల్లినదేమో గాని ఇచట చెల్లదు. భయముచేతనో, గురువుపై గౌరవముచేతనో నోరు మెదపని విద్యార్థిని సమ్మతించినట్లు కాదు. మరియు ఆవరణ యనగా తరగతి గది మాత్రమే కాదు. హాస్టలు, కళాశాల బస్సు, విజ్ఞానయాత్ర, ఆటల పోటీలకు వెళ్లిన ఊరు, ఇవియు అందులో చేరును. వేధింపునకు ఎక్కువగా గురియగునది స్త్రీలే యైనను, కొందరు మగపిల్లలును, తృతీయ ప్రకృతివారును దాని పాలబడుదురని నిబంధనలే ఒప్పుకొన్నవి.

వివక్ష సంగతి వేరుగా కనబడును గాని దాని వేరు దూరమున లేదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దళిత, గిరిజన విద్యార్థుల అనుభవములను థోరట్ సంఘము విచారించి 2007లో నివేదిక యిచ్చినది. కమిషన్ 2012లో చేసిన నిబంధనలు తరగతిలో విద్యార్థుల కులములు చదివి వినిపించుట, 'రిజర్వేషను వారు' అని ముద్రవేయుట, మెస్సులోను హాస్టలులోను వేరుచేయుట వంటివానిని పేరు పేరున వివక్షగా పేర్కొన్నవి. ఇంత విడమరచి వ్రాయవలసి వచ్చుటయే విచారకరము. కాని వ్రాయనిచో 'ఊరకే అన్నాములే' అను మాట అడ్డువచ్చును.

ఇక ఫిర్యాదుల సంఘము. దీనికి అధ్యక్షురాలు సీనియరు అధ్యాపకురాలు. సభ్యులలో అధ్యాపకులు, బోధనేతర సిబ్బంది, బయటి స్వచ్ఛంద సంస్థ నుండి ఒకరు ఉందురు. వ్యవహారము విద్యార్థులకు సంబంధించినదైనచో ఎన్నికైన విద్యార్థులు ముగ్గురు చేరుదురు. సగమునకు తగ్గకుండ స్త్రీలుండవలెను. వైస్ ఛాన్సలరు, రిజిస్ట్రారు, డీన్లు, శాఖాధిపతులు ఇందు సభ్యులు కారాదు. అధికారికి భయపడువారు అధికారి యెదుటనే చెప్పుకొనుట యెట్లు? ఫిర్యాదు వ్రాతమూలకముగా, సంఘటన జరిగిన 3 నెలలలోపున ఇయ్యవలెను. ఆలస్యమునకు తగిన కారణమున్నచో సంఘము మరి 3 నెలలు పొడిగింపవచ్చును. విచారణ 90 దినములలో ముగియవలెను. ఈలోపల ఆ అధ్యాపకుడు ఆమె జవాబుపత్రములు దిద్దకుండ, ఆమె పనిపై తీర్పు చెప్పకుండ ఆపవచ్చును. పోలీసులకు చెప్పుకొనుటకు ఈ 3 నెలల కట్టుబాటు వర్తింపదు. ఆ దారి వేరు.

నిరూపింపలేనిచో మాపైననే శిక్ష పడునేమో యని వెనుదీయువారు పలువురు. రుజువు చేయలేకపోయినంత మాత్రమున ఫిర్యాదు అబద్ధమని యెంచరాదని చట్టమే చెప్పినది; ద్వేషబుద్ధితో కల్పించినదని తేలిననే చర్య. అట్లే ఆరోపణ నెదుర్కొనువారికిని న్యాయము కావలెను. గోవా విశ్వవిద్యాలయమునకు సంబంధించిన ఒక వ్యాజ్యమున, విచారణ తొందరపాటుగా జరిగి, ఆరోపితునికి తన వాదము చెప్పుకొను తగిన అవకాశము దక్కలేదని 2023 మే 12న సుప్రీంకోర్టు తేల్చి, దానిని సంఘమునకే తిరిగి పంపినది. 2009 నాటి ఫిర్యాదు! సంఘ సభ్యులకు పని నేర్పకున్న ఇరుపక్షములును ఏండ్ల తరబడి నష్టపోవుదురు. శిక్షణ విద్యార్థులకు మాత్రమే చాలదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

శిక్షణ పేర జరుగునదంతయు శిక్షణ కాదని కూడ చెప్పవలెను. పెద్ద హాలులో వందలమందిని కూర్చుండబెట్టి, గంటసేపు ఉపన్యసించి, రిజిస్టరులో సంతకములు తీసికొని పంపుట సులభము. పరీక్షకు రాదని తెలిసిన పాఠమును మన పిల్లలు ఎంత శ్రద్ధగా విందురో మనకు తెలియనిది కాదు. తెలంగాణలో ఇంతకన్న మేలైన యత్నమొకటి జరిగినది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు విద్యార్థుల కొరకు, అన్వేషి పరిశోధన కేంద్రమునకు చెందినవారు తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలలోను ఒక పాఠ్యగ్రంథము కూర్చగా, తెలుగు అకాడమి దానిని 2015లో ప్రచురించినది. ఇంటిపని ఎవరు చేయుదురు, ఆడపిల్ల ఎందుకు తగ్గి మాటలాడవలెను అను ప్రశ్నలను యంత్రశాస్త్రము చదువువారి ముందు తెలుగులో ఉంచుట చిన్న పని కాదు. తన భాషలో చదివిన విషయమును విద్యార్థి ఇంటికి కూడ తీసికొనిపోగలడు.

ఇంటి సంగతి చెప్పి ముగింతుము. మేమెరిగిన కుటుంబమున ఒక అమ్మాయి పరిశోధనకై దూరపు నగరమునకు వెళ్లినది. గైడు రాత్రివేళ పంపు సందేశములు మితిమీరగా అక్టోబరు మొదట తల్లికి ఫోను చేసినది. "ఎవరితోను అనకమ్మా, మన పేరే పోతుంది. సంక్రాంతికి వస్తావుగా, నాన్నగారితో మాట్లాడదాం" అని తల్లి సమాధానము. ప్రేమతోనే అన్న మాట. కాని పండుగ వచ్చునప్పటికి 3 నెలలు దాటినవి. ఇంటిలో జరిగిన చర్చ చదువు మాన్పింపవలెనా, సంబంధము చూడవలెనా అన్నంతవరకు పోయినది. చేరిన నాటి శిక్షణలో చెప్పిన పొడిగింపు మాట ఆ అమ్మాయికి జ్ఞాపకమున్నది. కారణము వ్రాసి, సందేశముల నకళ్లు జతపరచి, ఫిబ్రవరిలో ఫిర్యాదు చేసినది. సంఘము ఆలస్యమునకు కారణమును నమోదు చేసికొని స్వీకరించినది. వెంటనే గైడును మార్చిరి. విచారణ జరిగినన్ని దినములును ఆ తల్లి ఆ నగరముననే బంధువుల యింట ఉండి, సాయంకాలము బిడ్డను హాస్టలు వరకు దింపి వచ్చెడిది. ఈ సంవత్సరము రెండవ అమ్మాయిని కళాశాలలో చేర్చినప్పుడు, నోటీసు పలకపై ఉన్న సంఘ సభ్యుల పేర్లను ఆమెయే నిలుచుండి వ్రాసికొన్నదట.