పెద్దాసుపత్రి పద్దు

ఆసుపత్రి పేరు చెబితే మనకు ఖర్చే గుర్తొస్తుంది. మరి అది ఊరికి తెచ్చిపెట్టే రాబడి మాటేమిటి? కర్నూలు, కడప సీమలో వైద్యం, సంక్షేమం కదిలించే రూపాయిని లెక్కగడితే...

తెల్లవారుజామున కర్నూలు పెద్దాసుపత్రి గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఆదోని, నంద్యాల వైపు నుంచే కాదు... తుంగభద్ర దాటి గద్వాల, అలంపూర్ నుంచీ, కర్ణాటకలోని రాయచూరు నుంచీ రోగులు దిగుతుంటారు. అప్పటికే ఇడ్లీ బండి పొయ్యి వెలిగి ఉంటుంది. టీ కొట్టు, పండ్ల బండి, కొబ్బరి బోండాలు, ఆటోలు, మందుల షాపులు, లాడ్జీలు... రోగి వెంట ఒకరో ఇద్దరో తోడు రాక తప్పదు. వాళ్ల తిండి, పడక, ప్రయాణం అన్నీ బుధవారపేటకు బేరాలే!

1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు, మూడేళ్లకే ఆ హోదా పోగొట్టుకుంది. అయితే 1956లో మొదలైన వైద్య కళాశాల మాత్రం ఊళ్లోనే నిలిచిపోయింది. సరిగ్గా 50 ఏళ్లకు, 2006లో కడపలో రిమ్స్ వచ్చింది. వానను నమ్ముకోలేని నేలలో నెలనెలా జీతం పడే ఉద్యోగాలంటే మాటలా!

కాలువ చెప్పే పాఠం

ఒక ఆసుపత్రి వల్ల ప్రాంతానికి ఎంత మేలన్నది ఆర్థికవేత్తలు మూడు మెట్లలో చూస్తారు. డాక్టరు, నర్సు, ఆయా అందుకునే జీతాలు మొదటి మెట్టు. ఆసుపత్రి కొనే పాలు, కూరగాయలు, ఆక్సిజన్, ఉతికించే దుప్పట్లు రెండోది. నర్సమ్మ జీతంలోంచి కట్టే ఇంటి అద్దె, కిరాణా బాకీ, పిల్లల ఫీజు మూడోది. ఒకే రూపాయి మూడు చేతులు మారిందన్నమాట.

ఇక్కడే జాగ్రత్త కావాలి. సుంకేసుల దగ్గర కేసీ కాలువకు ఎంత నీరు వదిలారన్నది ఒక లెక్క, కడప చివరి ఆయకట్టుకు ఎంత చేరిందన్నది మరో లెక్క. ఈ రూపాయీ అంతే! మందులు, స్కానింగ్ యంత్రాలు, గుండెలో వేసే స్టెంట్లు ఎక్కువగా బయటి నుంచే వస్తాయి. వాటి సొమ్ము అక్కడికే పోతుంది. కర్నూలు రోగి హైదరాబాద్‌కో, కడప రోగి తిరుపతి, వేలూరుకో వెళితే బిల్లుతో పాటు తోడు వెళ్లినవాళ్ల భోజనం ఖర్చు కూడా ఆ ఊరి ఖాతాలోకే. రాయచూరు రోగి కర్నూలు వస్తే మాత్రం మనకు కొత్త డబ్బు. సొంతూరి రోగి ఖర్చు అలా కాదు. ఆ డబ్బు ఇక్కడే బట్టల కొట్లోనో, ఎరువుల కొట్లోనో పడేది. చేయి మారిందే తప్ప పెరగలేదు.

ఒకటో తేదీ సందడి

సంక్షేమానిదీ ఇదే దారి. వృద్ధాప్య పింఛను 2014లో 200 నుంచి 1,000 రూపాయలైంది. 2024 జులై నుంచి 4,000. ఒకటో తేదీన ఇంటికే వచ్చే ఆ డబ్బు సాయంత్రానికి పల్లె అంగడికి చేరుతుంది. తమాషా ఏమిటంటే, పింఛను ఇచ్చినంత మాత్రాన స్థూల ఉత్పత్తిలో అది చేరదు. అవ్వ దాంతో బియ్యమో, మాత్రలో కొన్నప్పుడే లెక్కకొస్తుంది.

సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా చేసే ఆపరేషన్‌కు బిల్లు ఉండదు. కాబట్టి దాని విలువను అందుకైన ఖర్చుతోనే కడతారు. బాగా చేసినా, అంతంతమాత్రంగా చేసినా పద్దులో తేడా ఉండదు! మంత్రాలయం, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప చేలకు వలస వెళ్లే అమ్మలు పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి వెళతారు. ఆ అవ్వ పెంపకానికి ఏ పద్దులోనూ చోటు లేదు. బిడ్డ అంగన్‌వాడీలో ఉండబట్టే తల్లి కూలికి వెళ్లగలిగిందన్న సంగతీ అందులో కనబడదు.

ఎకరం అమ్మితే ఆదాయమా?

అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఇంటిపెద్దకు జబ్బు చేసి, ఎకరం అమ్మి లక్షల బిల్లు కట్టారనుకోండి. ఆసుపత్రి పుస్తకంలో అది ఆదాయం. జిల్లా ఉత్పత్తిలోనూ పెరుగుదలే. ఆ ఇంట్లో మాత్రం ఎకరం పోయింది! అదే జబ్బును ఆశా కార్యకర్త ముందే పసిగట్టి, నెలనెలా బీపీ మాత్రలు ఇప్పించి ఆపిందనుకోండి. ఎకరం మిగిలింది, మనిషి మిగిలాడు. లెక్కలో పెరిగింది మాత్రం మాత్రల ఖరీదే.

అందుకే ఎంత సొమ్ము తిరిగిందన్న దాంతో పాటు అది ఎవరి జేబులోంచి వచ్చిందన్నదీ చూడాలి. జాతీయ ఆరోగ్య పద్దుల ప్రకారం 2013-14లో దేశం వైద్యానికి పెట్టిన ప్రతి 100 రూపాయల్లో 64 రూపాయలు జనం సొంతంగా పెట్టుకున్నవే. 2021-22 నాటికి అది 39కి తగ్గింది. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం ఉద్దేశమూ పేదల మీద ఆ భారం తగ్గించడమే.

ఇకపై ఆసుపత్రి గొప్పతనం గురించి ఎవరైనా అంకెలు చెబితే మూడు ప్రశ్నలు వేయండి. బయటి నుంచి ఎంత వచ్చింది? ఇక్కడ ఎంత నిలిచింది? ఎన్ని ఇళ్లు అప్పుల్లో పడకుండా తప్పించుకున్నాయి? మొదటి రెండింటికీ కాగితాల్లో జవాబు వెతకొచ్చు. మూడోదానికి మాత్రం పల్లెకే వెళ్లి, ఇంటింటి అరుగు మీదా కూర్చుని అడగాలి!