బావి దేనికి ప్రతీక?

కథలో బావి కనిపించగానే అది దేనికి ప్రతీక అని అడగడం మన సాహిత్య తరగతులకు అలవాటు. జవాబులూ సిద్ధంగానే ఉంటాయి: జీవానికి, సమానత్వానికి, మానవత్వానికి. గైడులో ఉన్న ఆ మాట రాస్తే మార్కులు పడతాయి. దళిత కథ దగ్గర ఈ పద్ధతి బొత్తిగా పనికిరాదు. అక్కడ బావిని ప్రతీకగా మార్చింది రచయిత కాదు, కులం.

కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ కథనే చూడండి. ఊరబావి నీళ్ళు దళితులకు నిషిద్ధం. ఆ అవమానానికి బదులుగా అందులో పశువు కళేబరం పడుతుంది. దాన్ని ‘కుళ్ళిన వ్యవస్థకు ప్రతీక’ అనేయడం తేలిక. కానీ చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చే పనిని ఈ సమాజం ఎవరి మీద మోపింది? ఊరిని శుభ్రంగా ఉంచడానికి ఎవరు ఆ బరువు మోసి ‘మైలపడిన’వారయ్యారో, వారికే అది ఆయుధమైంది. కళేబరం రచయిత ఎక్కడినుంచో తెచ్చి అతికించిన అలంకారం కాదు. బావికి పవిత్రత అనే అర్థాన్ని అంటగట్టింది ఊరు; కథ ఆ అర్థాన్ని ఊరి మీదికే తిప్పికొట్టింది. ఇక్కడ వ్యంగ్యం వాక్యంలో లేదు, సంఘటనలో ఉంది.

ప్రేమ్‌చంద్ 1932లో రాసిన ‘ఠాకూర్ కా కువా’ను పక్కన పెడితే తేడా తెలుస్తుంది. జబ్బుపడిన భర్త కోసం గంగి రాత్రివేళ ఠాకూరు బావికి వెళుతుంది. తలుపు తెరుచుకున్న చప్పుడుకు చేతిలోని తాడు జారిపోతుంది, పరుగెత్తుతుంది. ఇల్లు చేరేసరికి భర్త ఆ కంపు నీళ్ళే తాగుతుంటాడు. గొప్ప కథ, సందేహం లేదు. అది సవర్ణ పాఠకుడిలో జాలినీ సిగ్గునూ రేపుతుంది. ‘ఊరబావి’ అతన్ని జాలిపడనివ్వదు, ఎందుకంటే ఆ నీళ్ళు తాగవలసినవాడు తానే. ఇతివృత్తం ఒకటే అయినా ముగింపు ఎవరి చేతిలో ఉందన్నదే శిల్పాన్ని నిర్ణయించింది.

ఈ రెండు కథల కన్నా ముందు మహద్ ఉంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు చవదార్ చెరువు నీళ్ళు తాగారు. తరువాత సవర్ణులు పాలు, పెరుగు, పేడ, గోమూత్రం కలిపిన కుండలు పోసి ఆ చెరువును ‘శుద్ధి’ చేశారు. నీటికి అర్థాలు అంటగట్టే పని ఎవరిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

చెరువు మాట వచ్చింది కనుక మన దగ్గరికే వద్దాం. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో చదువుకునే విద్యార్థులకు శామీర్‌పేట చెరువు బస్సు కిటికీలోంచి కనిపించేదే. ఆదివారం నగరం నుంచి వచ్చేవారికి అదొక ఫొటో. కవికి పోయిన పల్లె. తెలంగాణ ఊళ్ళలో చెరువుకు ఇంకో లెక్క ఉంది: తూము తీసి మడిమడికీ నీళ్ళు పారించే నీరడి ఒకరు, ఆ నీటితో పండే ఆయకట్టుకు పట్టాదారు ఇంకొకరు. నీరడి పని చాలా ఊళ్ళలో దళితులదే.

2016కు ముందు ఈ మేడ్చల్, అటు వికారాబాద్ కూడా రంగారెడ్డి జిల్లాలోవే. ఆ జిల్లా నుంచే వచ్చిన గోగు శ్యామల ఒక కథను ఊరచెరువు చేతనే చెప్పించారు. ‘మానవీకరణ’ అని నిర్వచనం రాసి దాటేస్తే, చెరువుకు గొంతు ఎందుకు కావలసివచ్చిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. నా ఉద్దేశంలో ఆ చెరువు సాక్షి. పట్టాలో పేరు లేనివారి చెమట ఎంత పారిందో దానికే తెలుసు. ఇలా చదివితే సాహిత్యం సమాజశాస్త్రం అయిపోతుందని కొందరు అధ్యాపక మిత్రులు నొచ్చుకుంటారు. నీరడి ఎవరో తెలియకుండా ఆ కథన శిల్పాన్ని వారు ఎలా వివరిస్తారో చూడాలని ఉంది.

ఔటర్ రింగ్ రోడ్డు, జీనోమ్ వ్యాలీ వచ్చాక ఈ శివార్లలో భూమికి వేరే కథకులు పుట్టారు. ‘లేక్ వ్యూ’ అని అచ్చువేసి ప్లాట్లు అమ్ముతున్నారు. అక్కడా చెరువు ప్రతీకే: హోదాకు, ప్రశాంతతకు. ఆ బొమ్మలో నీరడి లేడు, తూము లేదు. అలాంటి బ్రోచరు ఒకటి తెచ్చి, శ్యామల కథ పక్కనే పెట్టి తరగతిలో చదివించవచ్చు.