ఒప్పందంలో లేని నేల

వలసరాజ్యాల చెరకు తోటలకు తరలివెళ్లిన తెలుగు కుటుంబాల బతుకును ఒక అచ్చు కాగితం నిర్ణయించింది. ఎన్నేళ్లు పనిచేయాలి, రోజుకెన్ని గంటలు, కూలి ఎంత, తిరుగు ఓడ ఖర్చు ఎవరిది అన్న సంగతులన్నీ అందులో ఉండేవి. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1834లో అమల్లోకి రావడంతో తోటల యజమానులకు కూలీలు కరువయ్యారు. ఆ లోటు పూడ్చడానికి మొదలైన ఈ ఒప్పంద కూలీ పద్ధతి 1920 దాకా సాగింది. తెలుగువాళ్లు మొదట మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి వెళ్లారు. మారిషస్‌లో వాళ్లను ఓడలెక్కిన కోరంగి రేవు పేరుతోనే పిలిచేవారు. ఫిజీకి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన వారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలవాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు.

పచ్చని డెల్టా నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లాల్సిన అవసరం ఏమొచ్చింది? బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల కింద మెట్ట మాగాణి అయింది, భూమి ధర పెరిగింది. ఆ పెరుగుదల పట్టా ఉన్న రైతుకు అందింది. పాలేరుగా ఏడాది జీతానికి కుదిరినవాడికి, నాట్లకూ కోతలకూ పోయే మాల మాదిగ కుటుంబాలకు పని దొరికింది గానీ సెంటు భూమి దక్కలేదు. 1890లలో బెజవాడ రైల్వే జంక్షన్‌గా ఎదిగాక మద్రాసులోని వలస డిపోకు చేరడం తేలికైంది. సంతల్లో, సత్రాల్లో, స్టేషన్ల దగ్గర మనుషుల్ని పోగుచేసే ఏజెంట్లకు పని కోసం తిరిగేవాళ్లే ఎదురయ్యేవారు.

డిపోలో ఒక్కొక్కరికీ ఒక వలస పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ లేదా మచ్చ, జిల్లా, తాలూకా, గ్రామం అందులో ఉండేవి. తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చే విదేశీ తెలుగువాళ్లకు నేటికీ ఆధారం అదే. ఆ పాసులో కృష్ణా జిల్లా అని ఉన్నంత మాత్రాన ఊరు నేటి కృష్ణా జిల్లాలో ఉంటుందన్న నమ్మకం లేదు. 1904 దాకా గుంటూరు, బాపట్ల, నరసరావుపేట కృష్ణా జిల్లాలోనే ఉండేవి. ఆ ఏడాది గుంటూరు జిల్లా విడిపోయింది. ఏలూరు, భీమవరం, నర్సాపురం వైపు తాలూకాలు కృష్ణాలో కలిశాయి. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేవరకూ అవి ఇందులోనే ఉన్నాయి. అందుకే నాటాల్ పాసు పట్టుకుని వచ్చినవారు కృష్ణకు కుడిగట్టున కూడా వెతకాలి. ఫిజీ పాసుతో వచ్చినవారు కొల్లేరు అవతల కూడా చూడాలి.

ఫిజీ ఒప్పందం షరతులు చదివితే ఆ పద్ధతి ఆనుపానులు తెలుస్తాయి. 1883 వలస చట్టం ప్రకారం ఏజెంటు వాటిని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ రాసిన కాగితంగా కూలీ చేతికివ్వాలి. ఆ దేశంలో దిగిన రోజు నుంచి ఐదేళ్ల పని. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు తొమ్మిది గంటలు, శనివారం ఐదు. రోజుకూలి లెక్కన పదిహేనేళ్లు దాటిన మగవాడికి షిల్లింగుకు, అంటే పన్నెండు అణాలకు తగ్గకూడదు. ఆడమనిషికి తొమ్మిది అణాలు. పిల్లలకు చేసిన పనినిబట్టి. తొలి ఆరు నెలలు యజమాని తిండి గింజలు ఇస్తాడు. పన్నెండేళ్లు నిండిన ప్రతివారి కూలిలోంచీ అందుకు రోజుకు నాలుగు అణాలు కోస్తాడు. మగవాడి కూలిలో అది మూడో వంతు, ఆడమనిషి కూలిలో దాదాపు సగం. ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొలి ఏడాది సగం రేషను ఉచితం. అంతకన్నా చిన్న బిడ్డకు రోజుకు తొమ్మిది ఛటాకుల పాలు. ఇంటికి అద్దె లేదు, ఆసుపత్రి ఖర్చు లేదు.

కుటుంబం గురించీ అందులో ఉంది. భార్య బతికుండగా, ఆ పెళ్లి చట్టప్రకారం రద్దు కాకుండా, అక్కడ మరో పెళ్లి చేసుకోకూడదు. స్వదేశంలో ఇద్దరు ముగ్గురు భార్యలున్నవాడు అందరినీ తీసుకెళ్లవచ్చు, వాళ్లందరినీ భార్యలుగానే నమోదు చేస్తారు. ప్రతి వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఓడలో ఉండాలన్నది ప్రభుత్వ నిబంధన. ఆ లెక్క తప్పితే ఓడ కదలదు కనుక ఆడవాళ్లను తెచ్చిన ఏజెంటుకు కమీషను ఎక్కువ. కుటుంబాలను కుదురుగా నిలపాలన్న మాట కాగితం మీద ఉంది. తోటలో మాత్రం పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గదులు వరసగా కట్టిన లైన్లు ఎదురయ్యేవి. అలాంటి ఒక్కో గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్లు గానీ, ఆలుమగలూ పిల్లలూ గానీ ఉండాలి. వంటా, పడకా, పురుడూ అందులోనే. గది కొలత పెంచాలని 1908లో కొత్త నిబంధన వచ్చేనాటికి ఐదేళ్ల గడువులు ఎన్నో గడిచిపోయాయి.

కాగితంలో లేనివి ఇంకా ముఖ్యం. పనికి రాకపోతే, అప్పజెప్పిన పని పూర్తికాకపోతే జరిమానా, జైలు ఉంటాయన్న సంగతి షరతుల్లో ఎక్కడా లేదు. కూలీల స్థితిని చూడటానికి 1915లో ఫిజీ వెళ్లి వచ్చిన సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్ తమ నివేదికలో ఈ లోపాన్ని ఎత్తిచూపారు. అక్కడి ధరవరలకు పన్నెండు అణాలు ఏపాటివో చెప్పలేదు. భూమి ఊసు కూడా లేదు. ఐదేళ్లు పూర్తయితే సొంత ఖర్చుతో తిరిగి రావచ్చు. పదేళ్లు అక్కడే ఉంటే ఓడ టిక్కెట్టు ఉచితం, అదీ ఆ తర్వాత రెండేళ్లలోపు అడిగితేనే. ఐదో ఏటికీ పదో ఏటికీ నడుమ కుటుంబం ఎక్కడ ఉండాలి, ఏ నేల దున్నుకుని బతకాలి అన్న ప్రశ్నకు జవాబు లేదు. పేదవాడి దగ్గర టిక్కెట్టు డబ్బు ఉండదు కనుక ఆ రెండో ఐదేళ్లూ కూడా అతడు తోటలకు అందుబాటులోనే ఉంటాడు. ఆ ఖాళీ తోటల యజమానులకు లాభసాటి.

కొన్ని వలసరాజ్యాలు భూమి ఇస్తామని నిజంగానే ముందుకొచ్చాయి. ట్రినిడాడ్ గవర్నర్ ఆర్థర్ గోర్డన్ 1869లో ఒక ఏర్పాటు చేశాడు. తిరుగు టిక్కెట్టు హక్కు వదులుకున్న కూలీకి పదెకరాల ప్రభుత్వ భూమి ఇచ్చాడు. మరుసటి ఏడాదే నాటాల్ కూడా 1870 చట్టంలో పదేళ్లు ఉన్నవారికి టిక్కెట్టుకు బదులు అంత విలువైన భూమి ఇవ్వవచ్చని రాసుకుంది. ఓడ ఖర్చు తప్పుతుంది, అనుభవం ఉన్న కూలీ తోట పక్కనే ఉంటాడు. ఇచ్చేవాళ్ల లెక్క ఇది. తీసుకున్నవాడికి మాత్రం సొంత ఊళ్లో ఏడు తరాలకూ దొరకని పొలం.

ఆ అవకాశం ఎక్కువ కాలం నిలవలేదు. నాటాల్‌లో భూమి దక్కినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు డర్బన్ చుట్టుపక్కల తెల్లవాళ్ల భూములు కౌలుకు తీసుకుని కూరగాయలు పండించారు, బుట్టలు నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మారు. గడువు తీరిన కూలీ పోటీదారుగా మారేసరికి తెల్ల వర్తకులూ రైతులూ సహించలేకపోయారు. భూమి ఇచ్చే నిబంధనను 1891లో తీసేశారు. 1895లో కొత్త చట్టం తెచ్చారు. దాని కింద వచ్చినవారు గడువు ముగిశాక స్వదేశానికి పోవాలి, లేదా మళ్లీ ఒప్పందంలో చేరాలి, లేదా తలకు ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలి. పదహారు దాటిన అబ్బాయికీ పదమూడు దాటిన అమ్మాయికీ ఆ పన్ను తప్పదు. ఒప్పందపు తొలి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. తల్లి, తండ్రి, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి పన్ను పన్నెండు పౌన్లు, అంటే ఆ జీతం లెక్కన రెండేళ్ల సంపాదన. ఇది పన్ను రూపంలో పెట్టిన గెంటివేత తప్ప మరొకటి కాదు. 1913 సమ్మెలో వేలాది కూలీలు పని మానేసి గాంధీజీ వెంట నడవడానికి ఈ పన్నే ప్రధాన కారణం. 1914లో దాన్ని రద్దు చేశారు.

మారిషస్ దారి వేరు. 1850ల తొలినాళ్లలోనే కొత్తగా వచ్చేవారికి ఉచిత తిరుగు టిక్కెట్టు తీసేశారు. తర్వాత చక్కెర ధర పడిపోయి అప్పుల్లో మునిగిన తోటల యజమానులు ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో నాసిరకం భూములను ముక్కలుచేసి పాత కూలీలకు అమ్ముకున్నారు. వాయిదాల మీద కొన్నవే అయినా అవి పట్టా భూములు. మూడు దేశాల్లోనూ తెలుగు కుటుంబానికి నేల మీద గట్టి హక్కు చిక్కింది ఇక్కడే అనవచ్చు.

ఫిజీలో ఆ అవకాశం మొదటినుంచీ మూసుకుపోయింది. 1874లో ఫిజీ బ్రిటిష్ పాలన కిందికి వచ్చింది. ట్రినిడాడ్‌లో భూమి పంచిన గోర్డనే తొలి గవర్నరుగా వచ్చాడు. ఇక్కడి స్థానికుల భూములు అన్యాక్రాంతం కాకూడదని అమ్మకాలను నిషేధించాడు. వాళ్లను తోటపనికి లాగకూడదని భారతీయ కూలీలను రప్పించాడు. ఫిజీ ప్రజల కోణంలో అది న్యాయమైన నిర్ణయమే. ఆ నిర్ణయం కోసం ఓడల్లో తెచ్చి దింపిన కుటుంబాలకు మాత్రం ఏ ఏర్పాటూ జరగలేదు. వాళ్లకు కౌలు ఒక్కటే దిక్కయింది. ఫిజీకి వచ్చిన సుమారు 60 వేల మంది ఒప్పంద కూలీల్లో సగానికి పైగా అక్కడే ఉండిపోయారు.

చివరి ఓడ 1916లో వచ్చింది. మిగిలిన ఒప్పందాలన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి. కూలీలు దొరకని కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ 1920లలో తన తోటలను పది పన్నెండు ఎకరాల కమతాలుగా కోసి కౌలుకిచ్చింది. బయటి కూలీ లేకుండా ఒక కుటుంబం సాగు చేసుకోగలిగిన కొలత అది. చెరకే వేయాలి, కంపెనీ మనిషి చెప్పినట్టే వేయాలి, కంపెనీకే తోలాలి. ధర కట్టేదీ కంపెనీయే. ఐదేళ్ల ఒప్పందం పోయినా కంపెనీ పెత్తనం పోలేదు. ఈ పెత్తనానికి వ్యతిరేకంగానే 1937లో కిసాన్ సంఘ్, 1941లో మహా సంఘ్ అనే రైతు సంఘాలు పుట్టాయి. తెలుగువాళ్లు అదే 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు.

స్థానికుల భూములన్నిటి కౌలు వ్యవహారం 1940 చట్టంతో ఒక బోర్డు చేతికి వెళ్లింది. 1966లో వచ్చిన కౌలు చట్టం పదేళ్ల గడువులు ఇచ్చింది. 1976 సవరణ దాన్ని కనీసం ముప్పై ఏళ్లు చేసింది, అద్దెను అభివృద్ధి చేయని భూమి విలువలో ఆరు శాతానికి పరిమితం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు ఇచ్చింది పదకొండు నెలలు, అదీ భూయజమాని సంతకంతో. దాని పక్కన పెట్టి చూస్తే ఫిజీ ముప్పై ఏళ్లు పెద్ద ఊరటే. ఎరువు వేసి, బావి తవ్వి, ఇల్లు కట్టుకోవడానికి ధైర్యమిచ్చే కాలం అది.

1966 చట్టం కింద మొదలైన కౌళ్లకు ఆ ముప్పై ఏళ్లూ తీరడం 1997లో మొదలైంది. చాలా కౌళ్లు పొడిగించలేదు. భూయజమానుల పిల్లలకూ పొలం కావాల్సి వచ్చింది. 2000లో జరిగిన తిరుగుబాటు భయాన్ని పెంచింది. చెరకు వదిలేసిన కుటుంబాలు సువా, నౌసోరీ చుట్టుపక్కల గుడిసెలకు, చదువుకున్న బిడ్డలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు తరలిపోయారు. పొడిగింపు దొరికినవాళ్లు కొత్త గడువు మీద అదే చెరకు పండిస్తున్నారు.